పలక అవతలి వైపు

మా మేనకోడలు తొమ్మిదో తరగతి. పోయిన వేసవిలో ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా టేబుల్ మీద పడేసి, "మామా, ఇది టైప్ చేసి పుస్తకంలాగా చేసిపెట్టు. డబ్బులు మాత్రం అడగొద్దు" అంది. నేను ఒంగోల్లో డీటీపీ చేస్తాను. శుభలేఖలు, దశదిన కర్మ కార్డులు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలప్పుడు అన్ని పార్టీల కరపత్రాలూ. ఎవరి మాటలైనా నా కళ్ళలోంచి వేళ్ళలోకి పోతాయే తప్ప మధ్యలో బుర్రను ముట్టుకోవు. ఈ పనిలో ఉన్న సుఖం అదే. చదువుతూ కూర్చుంటే పని తెమలదు.

ఈ నోట్‌బుక్‌తో మాత్రం 23వ పేజీలో నా వేళ్ళు ఆగిపోయాయి.

కథ ఇది. ఒంగోల్లో చదువుకునే పదమూడేళ్ళ పిల్ల. లెక్కల్లో వీకు. క్లాసులో ఎవరూ పట్టించుకోరు. సెలవులకి మార్కాపురం దగ్గర అమ్మమ్మ ఊరికి వెళ్తుంది. అటక మీద పాత సామాన్ల మధ్య ఒక నల్ల పలక దొరుకుతుంది. చెక్క ఫ్రేము, ఒక మూల మేకు ఊడిపోయింది. తడిగుడ్డతో తుడిస్తే ఆ తడి ఎంతకీ ఆరదు. పలకంతా బావిలో నీళ్ళలాగా కదులుతుంది. వేలు పెడితే వేలు మునుగుతుంది, చెయ్యి పెడితే మనిషినే లాగేస్తుంది. అవతల ఇంకో లోకం. నీలం కొండలు, మాట్లాడే కొంగలు, రాత్రయితే వెలిగే చెట్లు. అక్కడి నీళ్ళన్నీ ఒక నీడ తాగేస్తుంటుంది. చెరువు మీద నీడ పడిందంటే తెల్లారేసరికి చెరువు ఉండదు.

"నీడ నీళ్ళు తాగేటప్పుడు చప్పుడు కాదు. ఒడ్డు మీద చేపలు కొట్టుకునే చప్పుడే వినిపిస్తుంది" అని రాసింది. అది చదివి నేను కుర్చీలో వెనక్కి వాలాను. పద్నాలుగేళ్ళ పిల్ల రాసిన వాక్యం అది. నేను ముప్పై ఏళ్ళుగా పెద్దవాళ్ళ రాతలు కొడుతున్నాను, ఇట్లాంటిది నాకు రోజూ తగలదు.

ఆ తర్వాతే 23వ పేజీ. "ఆ ప్రజలు వందేళ్ళుగా ఆమె కోసం ఎదురు చూస్తున్నారు."

మిగతాది మీరు ఊహించగలరు. ఒక ముసలాయన తాళపత్రం తీసి చదువుతాడు, అందులో ఈ పిల్ల వస్తుందని ముందే రాసి ఉంటుంది. అందరూ మోకాళ్ళ మీద కూర్చుంటారు. పిల్ల బలపంతో నేల మీద నీడ చుట్టూ గీత గీసి దాన్ని బంధిస్తుంది. చెరువులు నిండుతాయి. పిల్ల పలకలోంచి బయటికి వచ్చేసరికి అమ్మమ్మ కిందినుంచి "అన్నం చల్లారిపోతోందే" అని పిలుస్తుంటుంది. గడియారం ఒక్క నిమిషం కూడా కదల్లేదు.

సాయంత్రం అది ప్రూఫులు చూడటానికి వచ్చింది.

"వందేళ్ళు వాళ్ళేం చేస్తున్నారే?" అని అడిగాను.

"ఎవరు?"

"ఆ లోకంలో జనం."

"వెయిటింగ్."

"వందేళ్ళా? నీళ్ళు లేకుండానా?"

"మామా, అది ఫాంటసీ."

"ఫాంటసీ అయితే దాహం వెయ్యదా?"

మొహం మాడ్చుకుని కాసేపు ఫోన్ చూసుకుంది. తర్వాత తల ఎత్తకుండానే, "వాళ్ళ పని వాళ్ళే చేసుకుంటే ఇంక మా పిల్లకి పనేముంటుంది?" అంది.

బాగా అడిగింది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. ప్రూఫుల్లో ఒత్తులు దిద్ది ఇంటికి పంపించాను. అప్పట్నుంచి ఆ ప్రశ్న నమిలి నమిలి, ఇదిగో, ఇప్పుడు రాయడానికి కూర్చున్నాను.

ఇట్లాంటి కథల్ని పోర్టల్ ఫాంటసీ అంటారని నాకు చెప్పింది కూడా అదే. పోర్టల్ అంటే గుమ్మం. మనలాంటి మామూలు మనిషి ఏదో ఒక గుమ్మం దాటి మాయలోకంలో పడతాడు. ఆ లోకం అప్పటికే ఏదో ఆపదలో ఉంటుంది. ఇంగ్లీషు కథల్లో ఆ గుమ్మం బీరువా కావచ్చు, కుందేలు బొరియ కావచ్చు, రైల్వే స్టేషన్లో గోడ కావచ్చు. జపాన్ వాళ్ళు దీనికి ఇసెకాయ్ అని పేరు పెట్టుకుని గుట్టలు గుట్టలుగా బొమ్మల కథలు తీశారు. మా పిల్ల అవి తెగ చూస్తుంది. వాటిలో చాలాసార్లు గుమ్మం అంటే లారీ అట. హీరో రోడ్డు దాటుతుంటే లారీ గుద్దుతుంది, కళ్ళు తెరిస్తే వేరే లోకం. "మన హైవే మీద అయితే రోజుకి నలుగురు హీరోలు తయారవుతారు" అన్నాను. నవ్వలేదు. ఈ విషయంలో దానికి జోకులు నచ్చవు.

దానికి ఎందుకు నచ్చవో నాకు తెలుసు. పొద్దున ఆరింటికి బస్సెక్కి, రాత్రి ఎనిమిదింటికి ట్యూషన్ నుంచి వచ్చి, ర్యాంకుల లిస్టులో ఎక్కడో కింద పేరు చూసుకునే పిల్లకి "నువ్వు కావాలి, నువ్వు రాకపోతే ఒక లోకం పోతుంది" అని చెప్పేవాళ్ళు ఈ లోకంలో లేరు. ఇంట్లో మేము చెప్పేది "ఈసారి లెక్కల్లో ఎన్ని?" అని. అలాంటప్పుడు పలకలో దూరాలనిపించడంలో తప్పేముంది? ఈ రకం కథలు పిల్లల్ని బతుకు నుంచి పారిపోయేలా చేస్తాయని తిట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. ఇంట్లో గాలాడకపోతే కిటికీ తీసుకుంటారు. తీసినవాళ్ళని తిట్టి లాభం లేదు.

కాబట్టి నా గొడవ పిల్ల గుమ్మం దాటడం గురించి కాదు. దాటాక అవతల ఎవరున్నారన్నది. మా పిల్ల రాసిన లోకంలో కొండలున్నాయి, కొంగలున్నాయి, నీడ ఉంది. మనుషులే లేరు. మోకాళ్ళ మీద కూర్చోవడానికి పనికొచ్చే గుంపు ఉంది, అంతే. ఇది ఆ పిల్ల తప్పు కూడా కాదు, అది చూసినవాటిలో చాలా భాగం అట్లాగే ఉన్నాయి. కానీ మా జిల్లాలో పుట్టిన పిల్ల అట్లా రాయకూడదని నా మొండిపట్టు. ఎందుకంటే మేము గుమ్మానికి అవతలి వైపు ఉన్నవాళ్ళం.

అవతలి వైపు అని ఊరికే అనడం లేదు. మోటుపల్లి అని సముద్రం ఒడ్డున చినగంజాం దగ్గర ఊరుంది. జిల్లాలు విడగొట్టాక బాపట్ల వైపు పోయింది గానీ మా నాలుకకి ఇంకా ప్రకాశమే. కాకతీయుల కాలంలో అది పెద్ద రేవు. 13వ శతాబ్దం చివర్లో వెనిస్ నుంచి వచ్చిన మార్కో పోలో ముత్ఫిలి అని రాసింది ఈ మోటుపల్లి గురించేనని చరిత్రకారులు చెబుతారు. ఆయన మన గురించి ఏం రాశాడో తెలుసా? ఇక్కడి కొండల్లో వజ్రాలున్నాయట. లోయల నిండా విషసర్పాలు, మనిషి దిగలేడు. అందుకని పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయట. తెల్ల గద్దలు ఆ మాంసాన్ని ఎత్తుకుపోతే, వాటిని వెంటపడి తరిమి వజ్రాలు ఏరుకుంటారట.

చదివినప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ గగుర్పొడిచింది. ఆయన కథలో మాయలోకం మనది. మాట్లాడే కొంగలకి బదులు తెల్ల గద్దలు. వెనిస్‌లో ఎవరో పిల్లాడు రాత్రి దీపం దగ్గర మా వైపు కొండల గురించి విని నిద్రపోకుండా దొర్లి ఉంటాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆయన అంతకన్నా మంచివి కూడా రాశాడు. ఇక్కడ ఒక రాణి నలభై ఏళ్ళుగా న్యాయంగా ఏలుతోందన్నాడు. రుద్రమదేవి గురించేనని అంటారు. బట్ట సాలెగూడంత సన్నగా నేస్తారన్నాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద గొర్రెలు ఇక్కడే ఉన్నాయన్నాడు. ఈ చివరిది మాత్రం నేను పూర్తిగా నమ్ముతాను. నెల్లూరు గొర్రె మన దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన జాతి. కందుకూరు సంతలో జోడిపి పొట్టేలు పక్కన నిలబడి చూస్తే వెనిస్ వాడు కాదు, ఎవరైనా రాసుకుంటారు. చూసి రాసిన చోట ఆయన రాత నిలబడింది, విని రాసిన చోట పాములూ గద్దలూ వచ్చాయి.

అదే రేవులో ఆయనకన్నా ముందే వేసిన శాసనం ఒకటుంది. 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం. అంతకు ముందు రాజులు, గాలివానకి కొట్టుకొచ్చిన ఓడల మీది సరుకంతా లాక్కునేవాళ్ళు. గణపతిదేవుడు అది మానేసి, నియమం ప్రకారం వచ్చే సుంకం మాత్రమే తీసుకుంటామని రాయి మీద చెక్కించాడు. ప్రాణాలు పణంగా పెట్టి సంపాదించుకున్న సొమ్ము అది, దయతో వదిలేస్తున్నాం అన్న భావం అందులో ఉంది.

ఇదీ అవతలి లోకమే. ఇక్కడా తుపానులో కొట్టుకుపోయి, ఊరూ పేరూ తెలియని ఒడ్డున పడ్డ మామూలు మనిషి ఉన్నాడు. కానీ అతనొచ్చి మనల్ని ఉద్ధరిస్తాడని మనం రాసుకోలేదు. పాపం తడిసి వచ్చాడు, వీడి మూట ఎవరూ ముట్టుకోవద్దు అని రాసుకున్నాం. కథంతా తలకిందులైంది చూడండి. ఒడ్డున ఉన్నవాళ్ళకి చట్టం ఉంది, లెక్క ఉంది, సుంకం వసూలు చేసే మనిషి ఉన్నాడు. తాళపత్రం పట్టుకుని వందేళ్ళు కూర్చున్న ముసలాయన లేడు.

ఇదంతా ఫోన్లో చెబితే, "సరే మామా, మరి పలకకీ దీనికీ ఏంటి సంబంధం?" అంది. ఉంది. చెబుతాను.

ఆ పలక అటక మీద ఎందుకుందో దానికి తెలియదు. వాళ్ళమ్మ, అంటే నా చెల్లెలు, చెప్పి ఉండదు. మాకు అట్లాంటివి చెప్పుకునే అలవాటు లేదు.

మార్కాపురం పలకలంటే ఒకప్పుడు దేశమంతా తెలుసు. అక్కడి నేలలో పొరలు పొరలుగా నల్లటి రాయి. గనిలోంచి దిమ్మె తెస్తారు. మా అమ్మ ఒక పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. మొదట అరగదీసే పని, తర్వాత చీల్చే పని. నేను బడి వదిలాక అన్నం క్యారేజీ తీసుకుని వెళ్ళేవాణ్ణి కాబట్టి బాగా గుర్తు. అమ్మ గొంతుక్కూర్చుని దిమ్మెని ముందు సుత్తితో మెల్లగా కొట్టి వినేది. ఖంగుమంటే మంచి రాయి. డొక్కుగా మోగితే లోపల పగులుంది, పక్కన పెట్టేది. తర్వాత పల్చటి ఉలి అంచుని పొర మీద పెట్టి, టక్, టక్, టక్. గట్టిగా కొట్టకూడదు. మూడు వైపులా తిప్పుకుంటూ కొట్టాలి. ఒక క్షణం ఏమీ కాదు. తర్వాత చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు. రాయి పుస్తకంలా విచ్చుకుంటుంది. లోపలి ముఖం అప్పుడే మొదటిసారి గాలి చూస్తుంది, తడిగా ఉన్నట్టు మెరుస్తుంది. కోట్ల ఏళ్ళ కిందటి బురద అది, గట్టిపడి రాయైంది. దాన్ని మా అమ్మ తెరిచేది, రోజుకి ఎన్నిసార్లో.

నా వరకూ నేను చూసిన గుమ్మాలన్నిటిలోకీ అద్భుతమైనది అదే.

ఆ గుమ్మం దగ్గర ఇంకా ఏముందో కూడా చెప్పాలి. బూడిద రంగు దుమ్ము. అమ్మ కనుబొమలు సాయంత్రానికి ముసలావిడవి అయ్యేవి. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వచ్చేది. ఆ దగ్గు ఇప్పటికీ చలికాలంలో వస్తుంది. అక్కడ మా ఈడు పిల్లలూ ఉండేవాళ్ళు. సెలవుల్లో నేనూ కూర్చున్నాను, చెక్క ఫ్రేములు బిగించడానికి. బడికి పోయే పిల్లల కోసం బడికి పోని పిల్లలు పలకలు చేసేవాళ్ళు. 1987లో కేంద్రం బాలకార్మిక విధానం తెచ్చినప్పుడు, ముందుగా పట్టించుకోవాల్సిన పరిశ్రమల లిస్టులో శివకాశి అగ్గిపెట్టెల పక్కన, ఫిరోజాబాద్ గాజుల పక్కన మార్కాపురం పలకలు కూడా ఉన్నాయి. ఆ విధానం వచ్చిందన్న సంగతి మాకు అప్పుడు తెలియదు. ఒకరోజు ఎవరో జీపులో వస్తున్నారంటే మమ్మల్ని వెనక గేటులోంచి పంపించేశారు. అది తెలుసు.

ఇప్పుడు ఆలోచించండి. ఎక్కడో ఒక ఊళ్ళో, ఒక పిల్లకి అక్షరాభ్యాసం. బియ్యంలో రాయించి, కొత్త పలక చేతికిస్తారు. ఓనమాలు దిద్దుతుంది. ఆ పలక ఆ పిల్లకి నిజంగానే గుమ్మం. ఆ అక్షరాల్లోంచి ఎంత దూరమైనా పోవచ్చు. కానీ ఆ పలకని వెనక్కి తిప్పి, వెనక వైపు నుంచి దూరితే ఎక్కడ తేలుతుంది? కనుబొమలు తెల్లబడ్డ మా అమ్మ ముందు.

మా మేనకోడలి కథలో పలక అవతల నీలం కొండలున్నాయి. అవి ఉండొద్దని అనను. ఆ కొండల కింద ఉలి పట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి ఉండాలంటున్నాను. ఆమెకి నీడ గురించి ఈ పిల్లకన్నా ఎక్కువ తెలిసి ఉండాలి. నీడ ఏ గంటకి వస్తుందో, ఏ చెరువుని ముందు ముట్టుకుంటుందో, ఏ రాయి కింద నీళ్ళు దాస్తే దానికి కనిపించదో. వందేళ్ళుగా నీళ్ళు పోతున్న ఊళ్ళో నీళ్ళు దాచుకోవడం తెలియని మనిషి ఉండదు. కనిగిరి వైపు ఎవరినైనా అడగండి. ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళు గారపట్టి, మోకాళ్ళు వంగిపోయిన ముసలాళ్ళు ఏ బోరు నీళ్ళు అన్నం వండటానికి పనికొస్తాయో, ఏవి గేదెలకి మాత్రమే పొయ్యాలో చెప్తారు. వాళ్ళు వెయిటింగ్‌లో లేరు.

మన పాత కథలకి ఈ సంగతి తెలుసు. రాజకుమారుడు ఏడు సముద్రాలు దాటి పరాయి రాజ్యానికి పోతాడు. పోగానే యుద్ధం చేస్తాడా? చెయ్యడు. ఊరి చివర పేదరాశి పెద్దమ్మ ఇంట్లో దిగుతాడు. అన్నం తింటాడు. రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో, రాజుగారమ్మాయి ఎందుకు నవ్వదో, ఏ దారిలో పోతే తిరిగిరారో, అన్నీ ఆ ముసలమ్మే చెబుతుంది. ఆమెకి పూలు కట్టుకుని అమ్ముకునే బతుకు. ఏ జోస్యంలోనూ ఆమె పేరు ఉండదు. కానీ ఆమె లేకపోతే రాజకుమారుడు మొదటి రాత్రే గోవిందా. చిన్నప్పుడు ఆమె ప్రతి కథలోనూ ఎందుకు వస్తుందా అనుకునేవాణ్ణి. కథ చెప్పేవాళ్ళ బద్ధకం అనుకునేవాణ్ణి. ఇప్పుడు తెలుస్తోంది. ఆ కథలు చెప్పిన ముసలమ్మలు తమని తామే ప్రతి మాయలోకంలోనూ ఒక గుడిసె వేసి కూర్చోబెట్టుకున్నారు.

ఇంకో ముచ్చట గడియారం గురించి. మా పిల్ల కథలో తిరిగొచ్చేసరికి నిమిషం కూడా గడవలేదు. ఇది నాకు అస్సలు మింగుడుపడలేదు. భాగవతంలో ముచికుందుడున్నాడు. ఆయన రాజే, మామూలు మనిషి కాదు, ఒప్పుకుంటాను. కానీ గుమ్మం కథే. రాక్షసులతో వేగలేక దేవతలు భూమ్మీది మనిషిని పిలుస్తారు, మమ్మల్ని కాపాడమని. వెళ్తాడు. నిద్ర కూడా లేకుండా కాపలా కాస్తాడు. చివరికి కుమారస్వామి సేనాపతిగా దొరికాక దేవతలు, ఇక నువ్వు వెళ్ళొచ్చు అంటారు. అంటూనే ఇంకో మాట చెబుతారు. నీ భార్యలు, పిల్లలు, మంత్రులు, నీ కాలపు మనుషులు ఎవరూ ఇప్పుడు లేరు, కాలం తీసుకుపోయింది. మోక్షం తప్ప ఏదైనా కోరుకోమంటారు. ఆయన నిద్ర కోరుకుంటాడు. వెళ్ళి ఒక గుహలో పడుకుంటాడు.

చిన్నప్పుడు విన్నప్పుడు, ఆయన్ని లేపిన కాలయవనుడు బూడిదైపోయే ముక్కే ఇష్టం. ఇప్పుడు నిద్ర కోరుకున్న ముక్క దగ్గరే ఆగిపోతాను. లోకాన్ని కాపాడి వచ్చినవాడికి కావలసింది ఊరేగింపు కాదు, ఎవరూ లేపకుండా పడుకోవడం. మా ఊళ్ళోంచి బెంగళూరుకీ హైదరాబాదుకీ బేల్దారి పనికి పోయి సంక్రాంతికి వచ్చేవాళ్ళని చూడండి. బస్సు దిగి, పిల్లల్ని చూసి, అన్నం తిని, రెండు రోజులు అట్లా పడుకునే ఉంటారు. లేచేసరికి చిన్నది నడుస్తుంటుంది. గడియారం కదలకపోవడమా!

ఇక వెలిగొండ ప్రాజెక్టు. దీని గురించి రాయకుండా తప్పించుకుందామనుకున్నాను, ఎందుకంటే మా వైపు ఈ పేరెత్తితే రాజకీయం వస్తుంది. కానీ నీడ నీళ్ళు తాగే కథ మార్కాపురం పిల్లకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే ఇక్కణ్ణుంచే. పుట్టినప్పటి నుంచి వింటోంది. శ్రీశైలం నీళ్ళని కొల్లంవాగు దగ్గర పట్టుకుని, నల్లమల కింద నుంచి సొరంగాల్లో మా వైపుకు తేవాలి. సొరంగాలు రెండు. ఒక్కోటి దాదాపు 19 కిలోమీటర్లు. 1996లో మొదటి శంకుస్థాపన. మొదటి సొరంగం తవ్వడం 2021లో పూర్తయింది, రెండోది 2024 జనవరిలో. పైన పులుల అభయారణ్యం కాబట్టి చాలా భాగం యంత్రంతోనే తొలిచారు. అంత కొండని, ఇన్నేళ్ళు, చీకట్లో. ఒక్కోసారి అనిపిస్తుంది, ఇంతకన్నా పెద్ద పోర్టల్ ఎవరు కట్టగలరని. 2024 మార్చిలో జాతికి అంకితం కూడా చేశారు. ఆ రోజు నీళ్ళు రాలేదు.

రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఒకటి మనుషులు. సొరంగంలోంచి వచ్చే నీళ్ళని కొండల మధ్య ఖాళీలకి ఆనకట్టలు కట్టి నిలపాలి. ఆ జలాశయానికి నల్లమల సాగర్ అని పేరు పెట్టారు. దాదాపు 54 టీఎంసీలు పడుతుంది. కానీ అక్కడ ఊళ్ళున్నాయి. సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, ఇంకా కొన్ని. నీళ్ళొస్తే మా చేలు తడుస్తాయి, వాళ్ళ ఇళ్ళు మునుగుతాయి. మాకు నీళ్ళు కావాలి. ఈ మాట సిగ్గుపడకుండా చెబుతాను, మా నాన్న ఆ నీళ్ళ కోసం చూసి చూసి పోయాడు. కానీ అక్కడ నష్టపరిహారం కాగితాలు పట్టుకుని తిరుగుతున్న మనిషికి, సొరంగంలోంచి వచ్చేది వరమా నీడా?

మా పిల్ల కథలో చివర "చెరువులన్నీ నిండాయి" అని ఉంది. నేను మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను, "ఎవరి ఇంట్లోకి?" అని. అది చూసి, "మామా, నువ్వు నా కథని సోషల్ టెక్స్ట్‌బుక్ చేసేస్తున్నావ్" అని అరిచింది. అది కూడా నిజమే కావచ్చు. కథకి ఇన్ని బరువులు మొయ్యాల్సిన పని లేదు. అన్నీ మోస్తే చేపలు కొట్టుకునే చప్పుడు వినిపించదు. అందుకని ఆ వాక్యాన్ని రబ్బరుతో తుడిచేశాను. కానీ 23వ పేజీ మీద మాత్రం పట్టు వదల్లేదు. దాని ప్రశ్నకి నా జవాబు కూడా చెప్పాను. అక్కడి వాళ్ళు తమ పని చేసుకుంటుంటే నీ పిల్లకి పని లేకుండా పోదు. అప్పుడే ఉంటుంది. ఒక ఉలి పట్టుకునేవాళ్ళకి ఇంకో చెయ్యి అవసరం, దిమ్మె కదలకుండా పట్టుకోవడానికి. మా అమ్మకి నేను పట్టుకునేవాణ్ణి. దానికి జోస్యం అక్కర్లేదు. మధ్యాహ్నం పూట క్యారేజీ తెచ్చిన పిల్లాడు చాలు.

వింది. ఒప్పుకున్నట్టు కనిపించలేదు.

పోయిన నెల అమ్మని ఒంగోలు తీసుకొచ్చాం, కన్ను చూపించడానికి. ఆ రాత్రి మా మేనకోడలు నోట్‌బుక్ తెచ్చి అమ్మమ్మ మంచం పక్కన కూర్చుని కథ మొదట్నుంచీ చదివింది. అమ్మ ఒక కంటికి పట్టీతో, గోడకానుకుని వింది. అటక, పలక, తడిగుడ్డ. వేలు మునగడం. పిల్ల లోపలికి పడిపోవడం.

"ఆగు" అంది అమ్మ. "పిల్ల అంతా దాంట్లోంచే దూరిందా?"

"అవునమ్మమ్మా."

"పలక పగల్లేదా?"

"లేదు. మంత్రం గదా."

అమ్మ కాసేపు ఆలోచించింది. "మంత్రం సరేలే. అంత లావు పిల్ల దూరితే పగలకపోయినా అంచు పెచ్చన్నా లేస్తది. ఆ మేకు ఊడిన మూల ఉందే, ముందు ఆడే లేస్తది. మేము అట్టాంటి పలక పక్కన పెట్టేవాళ్ళం, లెక్కలోకి తీసుకొనేవాళ్ళు కాదు."

"పెచ్చు ఎంత లేస్తుంది?"

అమ్మ బొటనవేలి గోరు చూపించింది. "ఇంత."

మా మేనకోడలు పెన్ను తీసుకుని, చివరి పేజీ తిప్పి, అమ్మమ్మ "అన్నం చల్లారిపోతోందే" అని పిలిచే వాక్యం కొట్టేసింది. దాని పైన ఇరికించి ఏదో రాసుకుంది. నాకు చూపించలేదు. "టైప్ చేసేటప్పుడు చూద్దువులే" అంది.